అత్తయ్య గారి లక్ష

లెక్కల మేడమ్ ఇంట్లోనే లెక్క తప్పిందంటే బయట నలుగురూ నవ్వుతారని ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పేస్తున్నాను. అందరికంటే ముందు మా అత్తయ్య గారే నవ్వేశారు, ఇంక మిగిలినవాళ్ళు నవ్వితే నాకు కొత్తగా పోయేదేం లేదు.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ గ్రూపు పిల్లలకి సంఖ్యలు రాసే పద్ధతుల పాఠం నాదే. మనం పదితో లెక్కపెడతాం, కంప్యూటర్ రెండుతో లెక్కపెడుతుంది, కావాలంటే ఏడుతో పెట్టుకోవచ్చు, పన్నెండుతో పెట్టుకోవచ్చు అని పదిహేనేళ్ళుగా చాక్‌పీసులు అరగదీస్తున్నాను. "పదే ఎందుకు? దేవుడు మనకి పది వేళ్ళు ఇచ్చాడు కాబట్టి. ఎనిమిదే ఇచ్చుంటే ఎనిమిదితోనే లెక్కపెట్టేవాళ్ళం" అన్న మాట ఏటా అదే చోట ఆగి, అదే నవ్వుతో చెబుతాను. పిల్లలు నవ్వరు. సాయంత్రం ఇంటికొస్తే మా హాల్లో, టీవీకి ఎదురుగా, అత్తయ్య గారు మూడేళ్ళ పాటు పన్నెండుతో లెక్కపెడుతూ కూర్చున్నారు. నేను గమనించలేదు. ఎదురుగా ఉన్న మోడా మీద కూర్చుని కాఫీ తాగుతూ మరీ గమనించలేదు.

ఆవిడది లక్షవత్తుల నోము. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గింజలు తీసిన దూది ఏకి, చేతికి విభూది రాసుకుని, సన్నటి వత్తులు లక్ష చేసి, కార్తీకమాసంలో శివాలయంలో నేతిలో తడిపి వెలిగించాలి. ఇప్పుడు పూజసామాను కొట్లో లక్షవత్తుల ప్యాకెట్లని తయారుగా దొరుకుతున్నాయి. ఆ ముక్క ఒకసారి నోరు జారి అన్నాను.

"ఉపవాసం కూడా ప్యాకెట్లో దొరుకుతుందేమో కనుక్కోమ్మా" అన్నారు ఆవిడ. మళ్ళీ నేను ఆ ఊసెత్తలేదు.

అసలు ఈ నోము ఆవిడ తన కోసం పట్టింది కాదు. అది వాళ్ళ అమ్మగారు పట్టిన నోము. ఆ పెద్దావిడ తునిలో చిన్నకూతురి దగ్గర ఉండేవారు. వాళ్ళ లెక్కలో లక్ష అంటే పన్నెండు మూటలు. పదేళ్ళకి పైగా కూర్చుని పది మూటలు పూర్తి చేసి, పదకొండోది మొదలుపెట్టకుండానే మంచం పట్టారు. పోయే ముందురోజు కూడా కూతుళ్ళిద్దరి చేతులూ పట్టుకుని "రెండు మూటలు ఉండిపోయాయే" అని ఏడ్చారట. ఆ పది మూటలూ ఆ ఏడాది కార్తీకంలో వెలిగించేశారు గాని, నోము తీరలేదన్న బాధ అక్కచెల్లెళ్ళిద్దరికీ అలాగే ఉండిపోయింది. మిగిలిన రెండూ చేసి వెలిగిస్తే సరిపోతుంది కదా అని నేను అంటే, వెలిగించేసినవాటికి కలపడం ఉండదన్నారు. మొదటినుంచీ పన్నెండూ చేసి, అమ్మ పేరున వెలిగించాలి. అత్తయ్య గారికి ఈ మూడేళ్ళలో ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఎరగను. తిరపతి తీసుకెళ్తామంటే వద్దన్నారు. అన్నవరం కొండకి కూడా "అమ్మ పని అయ్యాక వస్తాను" అన్నారు.

పన్నెండు మూటలు లక్ష అన్నప్పుడే లెక్కల మనిషికి ఎక్కడో కుట్టాలి. లక్షని పన్నెండుతో భాగిస్తే సమంగా రాదు. మూటకి ఇన్ని అని చెప్పడానికే కుదరదు. ఈ సంగతి నాకు మూడేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. మా కాలేజీలో ఒక పిల్లవాడు ఇలాంటి తప్పు చేస్తే వాడి పేపరు క్లాసంతా తిప్పి చూపించేదాన్ని.

అప్పటికి ఇల్లంతా దూదే. ఒక మూట బీరువా మీద, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి దేవుడి గదిలో. ఫ్యాను వేస్తే దూది లేచి పప్పులో పడేది. నేను దిద్దిన జవాబు పత్రాల్లో దూది దొరికిందని మా హెడ్డు గారు అడిగితే, చెవిపోటు అని చెప్పాల్సొచ్చింది. మా ఆయన ఒక మధ్యాహ్నం మూడో మూటని దిండనుకుని తల కింద పెట్టుకున్నారు. ఆ రోజు ఇంట్లో పెద్ద విచారణే జరిగింది. "తల పెట్టలేదమ్మా, చెయ్యే పెట్టాను, చెయ్యి మీద తల పెట్టాను" అని ఆయన వాదన. పసుపునీళ్ళు చల్లి మూటనీ, మనిషినీ కూడా శుద్ధి చేసి వదిలేశారు.

మావయ్య గారి సంగతి ఇంకా ఘోరం. ఆయన పేపరు చదువుతూ చేతికందిన మూడు వత్తులు తీసి చెవి శుభ్రం చేసుకున్నారు. సాయంత్రానికల్లా అత్తయ్య గారికి తెలిసిపోయింది. ఇంటినిండా వేలకి వేల వత్తులు పడి ఉంటే అందులోంచి మూడు పోయినట్టు ఎలా తెలిసిందని నాకు ఆశ్చర్యం.

"ఒక పిలకలో తొమ్మిదే ఉన్నాయి. ఎవరు తీశారు?" అని హాలు మధ్యలో నిలబడి అడిగారు. పిలకంటే దారంతో కలిపి కట్టిన చిన్న వత్తుల గుత్తి.

మావయ్య గారు పేపరు ఇంకొంచెం పైకెత్తారు. దాంతో దొరికిపోయారు.

తొమ్మిదే ఉన్నాయి అన్నప్పుడు కూడా, ఎన్ని ఉండాలని నేను అడగలేదు చూశారా. నేను పది అనే అనుకున్నాను. పది వేళ్ళ మనిషిని మరి.

ఇలా రోజుకి ఎనిమిది పిలకల చొప్పున సాగుతుండగా, వినాయక చవితి ముందురోజు ఐదో మూటకి ముడి పడింది. చవితి నాడు కుడిచేతి బొటనవేలు కుడుం పిసకడానికి కూడా లేవనంది. ఎముకల డాక్టరు గారు వేలు ఇటూ అటూ వంచి చూసి, పట్టీ వేసి, "రెండు నెలలు ఈ వేలితో ఏ పనీ చెయ్యకూడదమ్మా. ఆ తరవాత కూడా ఇదివరకటిలా అంటే కష్టమే" అన్నారు.

ఇంటికొచ్చి మూటల వైపు చూడగానే ఆవిడ ఏడ్చేశారు. "అమ్మకి రెండు తక్కువయ్యాయి. నాకు ఏడు తక్కువ. ఇంకా నాలుగేళ్ళ పని. నాకు డెబ్భై రెండు. నేనూ అమ్మలాగే సగంలో పోతాను" అన్నారు. ఆవిడ ఏడవగా నేను చూడడం అదే మొదలు. నాకు గుండె నీరయిపోయింది. ఆ వేడిలో, ముందూ వెనకా చూసుకోకుండా "నేను చేస్తానండి" అనేశాను.

కోడలు చేస్తే కూతురు చేసినట్టేనని ఆవిడ అక్కడికక్కడే తీర్మానించేశారు. కళ్ళు తుడుచుకుని దూది బుట్ట నా ఒళ్ళో పెట్టారు.

నేను చేసిన వత్తులు మీరు చూడాలి. కొన్ని గొంగళిపురుగుల్లా ఉన్నాయి. కొన్ని మధ్యలో లావై రెండు కొసలా మాయమైపోయాయి. అత్తయ్య గారు నోరు నొక్కుకుని ఊరుకున్నారు, ఇప్పుడు కోప్పడితే పనిమనిషి మానేసినట్టు నేను మానేస్తానని భయం. ఎలాగో పది చేసి, దారంతో కట్టి, గొప్పగా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఎడంచేతి బొటనవేలు ఆ చేతి వేళ్ళ మీద పరిగెత్తింది.

"రెండు తక్కువ."

"లేదండి, పది ఉన్నాయి. లెక్కపెట్టే కట్టాను."

"అదే చెప్తున్నా. రెండు తక్కువ. పిలకకి పన్నెండు కదా."

"పన్నెండేంటండీ?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. ఎడంచెయ్యి చాపి, చిన్నపిల్లకి నేర్పినట్టు నేర్పారు. బొటనవేలితో చిటికెన వేలి కణుపులు మూడు, ఉంగరపు వేలివి మూడు, నడిమి వేలివి మూడు, చూపుడు వేలివి మూడు. మొత్తం పన్నెండు. అంతటితో చెయ్యి నిండుతుంది. నిండితే పిలక. పన్నెండు పిలకలు కట్ట. పన్నెండు కట్టలు పొట్లం. పన్నెండు పొట్లాలు మూట. పన్నెండు మూటలు లక్ష.

"అన్నీ పన్నెండేనా? ఎవరు చెప్పారండీ ఇది?"

"మా అమ్మ. లక్షకి ఎన్ని సున్నాలు? ఐదు. ఒక్కో సున్నాకి ఒక్కో ముడి. చెయ్యి నిండినప్పుడల్లా ముడెయ్యి, ఐదో ముడి పడితే లక్ష. బడికెళ్ళకపోయినా మా అమ్మ లెక్క తప్పదు."

నా చేతిలో దూది జారిపోయింది. ఒక్క క్షణం నేనెక్కడున్నానో మర్చిపోయాను. పదిహేనేళ్ళుగా నేను నల్లబల్ల మీద రాస్తున్న పాఠమే ఇది. ఒకటి పక్కన ఐదు సున్నాలు అంటే లక్ష అని ఎవడు చెప్పాడు? పదితో లెక్కపెడితే లక్ష. రెండుతో లెక్కపెడితే ముప్పై రెండు. పన్నెండుతో లెక్కపెడితే, పన్నెండుని ఐదుసార్లు హెచ్చవేస్తే, రెండు లక్షల నలభై ఎనిమిది వేల ఎనిమిది వందల ముప్పై రెండు. బడికెళ్ళని ఆ పెద్దావిడ చెప్పిన సూత్రంలో తప్పు వెతకడానికి లేదు. ఐదు ముడులూ సరైనవే. చేతికి రెండు కణుపులు ఎక్కువ పడ్డాయి, అంతే.

లేచి వెళ్ళి, దిద్దాల్సిన జవాబు పత్రాల్లోంచి ఒక తెల్లకాగితం చింపి కూర్చున్నాను. మన లక్షని అత్తయ్య గారి పద్ధతిలో రాస్తే ఎంతవుతుంది? నాలుగు మూటలు, తొమ్మిది పొట్లాలు, పది కట్టలు, ఐదు పిలకలు, నాలుగు వత్తులు. పన్నెండు పద్ధతిలో పదికీ పదకొండుకీ కూడా ఒక్కో గుర్తు కావాలి. ముగ్గులో చుక్క పెట్టినట్టు పదికి ఒక చుక్క, పదకొండుకి రెండు చుక్కలు అనుకున్నాను. అప్పుడు లక్ష అంటే నాలుగు, తొమ్మిది, చుక్క, ఐదు, నాలుగు. ఒక్క సున్నా లేదు. మన కళ్ళకి నిండుకుండలా కనిపించే అంకె, అక్కడికెళ్ళేసరికి చిల్లర మూకలా తయారైంది. నాకు భలే సంతోషమేసింది.

సంతోషంలో సరిచూడడం మొదలుపెట్టాను. మన పద్ధతిలో తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో తెలియాలంటే అంకెలు కూడితే చాలు. పన్నెండు పద్ధతిలో ఆ మర్యాద పదకొండుకి దక్కుతుంది. నాలుగు, తొమ్మిది, పది, ఐదు, నాలుగు కలిపితే ముప్పై రెండు. పదకొండుతో భాగిస్తే పది మిగులుతుంది. లక్షని మామూలుగా పదకొండుతో భాగించాను. పదే మిగిలింది! పదమూడుకి ఇంకో కిటుకు ఉంది, ఒక అంకె కలుపుతూ ఒక అంకె తీసేస్తూ పోవాలి. అదీ చేశాను. కిటుకుతో నాలుగు, మామూలుగా భాగించినా నాలుగే. ఇంత అందం చూసి ఒక్కదాన్నే ఆనందించడం నా వల్ల కాలేదు. కాగితం పట్టుకెళ్ళి మావయ్య గారికి చూపించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని అంతా చదివారు. "బానే ఉందమ్మా. కాని వత్తుల్ని పదకొండుతో ఎందుకు భాగించడం? పదకొండుమందికి పంచాలా?" అన్నారు.

ఆయనతో మాట్లాడుతుండగానే అసలు సంగతి నాకు వెలిగింది. అత్తయ్య గారి దగ్గర ఐదు మూటలు ఉన్నాయి. ఐదు మూటలంటే లక్షా మూడు వేల ఆరు వందల ఎనభై. లక్ష ఎప్పుడో దాటిపోయింది. రోజుకి ఎనిమిది పిలకల చొప్పున వెనక్కి లెక్కేస్తే, ఆషాఢం చివర్లో ఒక సాయంత్రం, సీరియల్లో ప్రకటనలు వస్తుండగా, మా అత్తయ్య గారి లక్ష పూర్తయిపోయింది. ఆ వత్తి చేసిన చెయ్యే ఇంకో వత్తి మొదలుపెట్టింది. ఎవరికీ తెలియలేదు.

"అత్తయ్య గారూ, మీ లక్ష అయిపోయిందండి! ఈ కార్తీకంలోనే వెలిగించేయచ్చు!" అని హాల్లోకి పరిగెత్తాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను.

ఆవిడ దూది బుట్ట పక్కకి జరిపి నన్ను తేరిపార చూశారు. "పది వత్తులు చేసేసరికే ఓపిక అయిపోయిందా? చెయ్యలేనని చెప్పమ్మా, ఏం అనుకోను. లెక్కలు చెప్పి తప్పించుకోకు."

కాగితం చూపించాను. నాలుగు, తొమ్మిది, చుక్క దగ్గరే ఆవిడ ఆగిపోయారు. "నోము లెక్కలో చుక్కలేంటి?" అన్నారు. చుక్క అంటే పది కట్టలు అన్నాను. సరే, అయితే ఇంకా ఏడు మూటలు ఉన్నాయిగా అన్నారు. లక్ష అంటే నూరు వేలండి, ఎక్కడైనా నూరు వేలే అన్నాను. "నూరు వేలైతే మీ కాలేజీలో వెలిగించుకో. ఇది శివుడికి" అన్నారు.

ఇక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. నాకు లెక్కల్లో ఎవరైనా ఎదురు చెబితే ఒళ్ళు మండుతుంది, అది నా జబ్బు. శివుడికైనా లక్ష లక్షేనన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించారు. ఆలోచించి, మూడేళ్ళుగా చేతుల్లో తిప్పిన అంకె కదా, తిరుగులేని మాట ఒకటి పట్టుకున్నారు.

"శివుడికి మూడు కళ్ళు. మారేడాకుకి మూడు రేకులు. మూడు కుందుల్లో సమానంగా పెట్టి వెలిగించాలి. మా లక్షయితే కుందికి నాలుగు మూటలు, చిటికెలో పంచేస్తాను. నీ లక్షని మూడు భాగాలు చెయ్యి చూద్దాం."

మన లక్షని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది.

"ఆ మిగిలిన ఒక్కటీ ఎక్కడ పెడతావ్?" అన్నారు అత్తయ్య గారు. నా పదిహేనేళ్ళ ఉద్యోగ జీవితంలో, ఇంటర్వ్యూలతో సహా, నన్ను ఎవరూ ఇంత గట్టిగా పట్టుకోలేదు.

కాని నేనూ వదల్లేదు. "శివుడికి మూడు కళ్ళే కాదండి, ఐదు ముఖాలు కూడా ఉన్నాయి. పంచారామాలు ఎన్ని? ఐదు. మా లక్ష ఐదుకి సమంగా వస్తుంది. మీ లక్షని ఐదు చెయ్యండి. రెండు మిగుల్తాయి."

ఆవిడ ఎడంచేతి బొటనవేలు కణుపుల మీద తిరిగి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ తిరిగింది. మొహం కొంచెం వాడిపోయింది. మావయ్య గారు ఈ వాదన కోసం టీవీ కట్టేసి మరీ వింటున్నారు.

"ఒకళ్ళకి ఒకటి మిగిలింది, ఒకళ్ళకి రెండు మిగిలాయి. ఆ మూడూ ఇటు పడెయ్యండి, చెవి దురదగా ఉంది" అన్నారు. ఇద్దరం కలిసి ఆయన మీద పడ్డాం.

ఆ తరవాత పది రోజులు మా ఇంట్లో రెండు లక్షలు కాపురం చేశాయి. అత్తయ్య గారు నాతో మాట్లాడుతూనే ఉన్నారు గాని, వత్తుల మాట ఎత్తలేదు. రోజూ సాయంత్రం తునికి ఫోన్ చేసి ఎన్ని పిలకలయ్యాయో చెల్లెలికి చెప్పడం ఆవిడకి అలవాటు. ఆ పది రోజులూ "ఇవాళ ఏమీ లేవే" అని పెట్టేసేవారు. అది వింటే నాకు కష్టంగా ఉండేది. నేను రోజూ కాలేజీ నుంచి వచ్చి, నోరు మూసుకుని, పిలకకి పన్నెండు చొప్పున రెండు పిలకలు చేసి బుట్టలో పడేసేదాన్ని. ఆవిడ చూసి, చూడనట్టు లెక్కపెట్టుకునేవారు. మన లెక్క సరైందని తెలిసీ తప్పు లెక్కకి చాకిరీ చెయ్యడం ఎంత నరకమో లెక్కలవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి ఆవిడే పంతులు గారిని పిలిపించారు. ఆయన బండి దిగి, హెల్మెట్ అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. అత్తయ్య గారు సంగతంతా చెప్పారు. న్యాయంగానే చెప్పారు, నా వాదన కూడా ఎక్కడా తగ్గించకుండా చెప్పారు. కణుపుల మీద పన్నెండు ఎలా లెక్కపెడతారో చేసి చూపించారు.

పంతులు గారు ఉలిక్కిపడ్డారు. "అయ్యయ్యో, నడిమివేలు మీద ఆ రెండూ కూడా తొక్కేస్తున్నారేంటమ్మా? అవి మేరువు కదా!"

అని తన చెయ్యి చూపించారు. జపం చేసేటప్పుడు నడిమి వేలు మీది రెండు కణుపుల్ని మేరుపర్వతంగా భావించి ముట్టుకోరట. చుట్టూ తిరిగి వస్తారట. పన్నెండులో రెండు పోతే పది. వాళ్ళ చేతికి పదే. నా పాఠం ఏ వేళ్ళ మీద పుట్టిందో ఆ వేళ్ళే, కొండ అడ్డం వస్తే పది, కొండెక్కేస్తే పన్నెండు. నేను అక్కడే చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను.

అత్తయ్య గారు మాత్రం తన ఎడంచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. "పిలక పిలకకీ రెండుసార్లు మేరువు తొక్కానా? మూడేళ్ళూ?"

ఎన్నిసార్లు తొక్కారో నాకు టక్కున వచ్చేసింది, పదిహేడు వేల రెండు వందల ఎనభై. జీవితంలో మొదటిసారి ఒక జవాబు తెలిసి చెప్పకుండా ఊరుకున్నాను.

"అబ్బే, అదంతా జపానికేనండి. దూదికి మేరువేంటి" అని పంతులు గారు సర్ది చెప్పారు. "లక్షవత్తులంటే లక్షే. నూరు వేలు. కోడలు గారు చెప్పింది సరైన లెక్క. ఐదు మూటలూ ఈ పౌర్ణమికి వెలిగించేయండి."

"ఎక్కువ ఉన్నాయి కదండీ మరి? మూడు వేల ఆరొందలు ఎక్కువంది ఇది."

"ఎక్కువైతే దోషం లేదమ్మా. తక్కువైతేనే నోము తీరనట్టు. ఎక్కువ చేస్తే ఇంకా పుణ్యం."

ఆయన కాఫీ తాగి, పౌర్ణమి నాడు ఎన్నింటికి రావాలో చెప్పి వెళ్ళిపోయారు. నేను గెలిచాను. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతూ కూనిరాగం తీశాను కూడా. అత్తయ్య గారు హాల్లో కదలకుండా కూర్చున్నారు. కాసేపటికి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, మూటకి ఎన్నన్నావ్?"

"ఇరవై వేల ఏడు వందల ముప్పై ఆరండి."

"పది మూటలకి?"

"దానికేముందండి, పక్కన ఒక సున్నా. రెండు లక్షల ఏడు వేల..." అంటూ చేతిలో కత్తితోనే హాల్లోకి వచ్చాను. వచ్చి ఆగిపోయాను.

ఆవిడ నన్ను చూడడం లేదు. ఎదురుగా మూటల్ని చూస్తున్నారు. నిజానికి ఈ ఐదింటినీ కూడా చూడడం లేదు, తునిలో ఎప్పుడో వెలిగించేసిన పదింటినీ చూస్తున్నారు. అమ్మ పది మూటలు చేసిందని, రెండు ఉండిపోయాయని ఈ ఇంట్లో నేను ఎన్ని వందలసార్లు విన్నాను! పదకొండుతో భాగించాను, పదమూడుతో భాగించాను, ఐదుతో భాగించి అత్తయ్య గారి నోరు మూయించాను. ఈ ఒక్క సున్నా పెట్టడం నాకు తట్టలేదు. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

"తక్కువైతేనే దోషం అన్నారు కదూ ఆయన?" అన్నారు అత్తయ్య గారు.

"అవునండి."

"అయితే అమ్మది..."

"అయిపోయిందండి. ఎప్పుడో అయిపోయింది. ఆవిడ ఐదో మూట చేస్తున్నప్పుడే అయిపోయింది. ఆ తరవాత ఇంకోసారి కూడా అయిపోయింది."

ఆవిడ ఎడంచేత్తో ఫోన్ తీసి, అలవాటు లేని వేలితో తడుముకుంటూ చెల్లెలి నంబరు నొక్కారు. అటువైపు నుంచి ఆవిడ ఎప్పట్లాగే ఇవాళ ఎన్ని పిలకలయ్యాయని అడిగినట్టుంది.

"పిలకలు కాదే. అమ్మ నోము తీరిపోయిందే. మనం వెలిగించిన రోజే తీరిపోయింది. మా కోడలు లెక్క చూసింది, పంతులు గారు కూడా అవునన్నారు. లక్ష కాదే, రెండు లక్షలు చేసింది మన అమ్మ. రెండు లక్షలు చేసి కూర్చుని, లక్ష కాలేదని ఏడ్చిందే పిచ్చితల్లి."

తరవాత ఇద్దరూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతుంటే అత్తయ్య గారి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి ఫోన్ మీద పడుతున్నాయి. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతికి పట్టీ, తుడుచుకోవడానికి ఆవిడకి చెయ్యి లేదు. నేను కత్తి కింద పెట్టి, దగ్గరికెళ్ళి నా కొంగుతో తుడిచాను.